ఉచిత కరెంటు - నచ్చని నాయకుడి ఖాతాలో లెక్కలు

రాజకీయాల మీద మనవాళ్ళ వాదనలు ఎప్పుడైనా జాగ్రత్తగా విన్నారా? ఒకాయన "వైఎస్ ఉచిత కరెంటిచ్చి రైతుని బతికించాడు" అంటాడు. పక్కనున్నాయన ఊరుకుంటాడా? "ఉచిత కరెంటిచ్చి రాష్ట్రాన్ని ముంచాడు" అంటాడు. ఇద్దరి దగ్గరా వాదనలున్నాయి, ఇద్దరి దగ్గరా ఉదాహరణలున్నాయి. తేడా అల్లా ఒకటే. మొదటాయన ఆ ఏడాది రైతుకి మిగిలిన డబ్బు చూస్తున్నాడు, రెండో ఆయన ఇరవై ఏళ్ళ తరవాత వచ్చిన బిల్లు చూస్తున్నాడు. ఇంకాస్త కదిపితే అసలు సంగతి బయటపడుతుంది. మన నాయకుడు చేస్తే మనకి ఇవాళ్టి లాభం కనిపిస్తుంది. అవతలి నాయకుడు చేస్తే రేపటి నష్టం కనిపిస్తుంది. పథకం మాత్రం అదే!

నా సంగతి ముందే చెప్పేస్తే మంచిది. నాకు వైఎస్ రాజశేఖరరెడ్డి రాజకీయం నచ్చదు. జలయజ్ఞం కాంట్రాక్టులు ఇచ్చిన తీరు, భూముల కేటాయింపుల మీద వచ్చిన ఆరోపణలు, ప్రతి పథకానికీ రాజీవ్ పేరో ఇందిర పేరో తగిలించటం, ఇవేవీ నాకు మింగుడుపడవు. కాబట్టి ఇది అభిమాని రాసే పొగడ్త కాదు. అలాగని తిట్టటానికీ కూర్చోలేదు. నచ్చని నాయకుడు చేసిన ఒక పనికి నిజాయితీగా జమాఖర్చులు రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని నా ప్రయత్నం.

ముందు 2004 నాటి పరిస్థితి గుర్తుచేసుకోవాలి. అది వదిలేసి మాట్లాడే వాదనలన్నీ గాల్లో మాటలే. 1998లో చంద్రబాబు ప్రభుత్వం విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చింది. 1999లో విద్యుత్ బోర్డుని జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. తరవాతి ఏడాది నాలుగు డిస్కంలు వచ్చాయి. ప్రపంచ బ్యాంకు అప్పు, నియంత్రణ మండలి, దశలవారీగా చార్జీల పెంపు, అంతా కాగితం మీద పద్ధతిగానే ఉంది. 2000లో చార్జీలు బాగా పెరిగాయి. ఆ ఏడాది ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఆందోళనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. 2002లో దేశమంతా కరువు. బోర్లు ఎండాయి, పంటలు పోయాయి, బిల్లులు బకాయిపడ్డాయి. కనెక్షన్లు పీకేశారు, స్టార్టర్లు ఎత్తుకెళ్ళారు, కేసులు పెట్టారు. ఊళ్ళో నలుగురి ముందూ స్టార్టరు పీక్కెళ్ళటమంటే రైతుకి అది బకాయి వసూలు కాదు, పరువు తియ్యటం.

అప్పుడొచ్చాడు వైఎస్. 2003 వేసవిలో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచాడు. ఉచిత కరెంటిస్తానన్నాడు. అది సాధ్యం కాదని తెలుగుదేశం వాదించింది. 2004 మే 14న ఎల్బీ స్టేడియంలో ప్రమాణ స్వీకారం చేసి, అక్కడికక్కడే ఉచిత విద్యుత్ ఫైలు మీద మొదటి సంతకం పెట్టాడు. పాత బకాయిలు కూడా రద్దయ్యాయి.

ఇక జమ వైపు రాద్దాం.

మొదటిది అందరికీ తెలిసిందే, డబ్బు. ఇరవై లక్షలకి పైగా పంపుసెట్ల మీద బిల్లు పోయింది. రెండోది భయం పోవటం. కరెంటోళ్ళు వస్తున్నారంటే పొలం గట్టు మీంచి పారిపోవాల్సిన అవసరం లేకపోయింది. ఈ రెండోదాన్ని ఏ బడ్జెట్ పుస్తకంలోనూ రాయరు కానీ, వైఎస్‌ని ఇప్పటికీ తలుచుకునే ముసలి రైతులు ముందు చెప్పేది ఇదే.

మూడోది కొంచెం ఆలోచిస్తే గానీ తట్టదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో రైతుకి కాలువ నీళ్ళు వస్తాయి. ఆ ఆనకట్ట, ఆ కాలువ ప్రభుత్వ ఖర్చుతో కట్టినవి. రైతు కట్టేది నామమాత్రం నీటి తీరువా. అదే మహబూబ్‌నగర్‌లోనో అనంతపురంలోనో ఉన్న రైతు సొంత డబ్బుతో బోరు వేయించుకోవాలి, సొంత డబ్బుతో మోటారు కొనుక్కోవాలి, పైపులు దించుకోవాలి, నీళ్ళు పడకపోతే ఇంకోటి వేయించుకోవాలి, ఆ పైన కరెంటు బిల్లు. ఇద్దరూ పండించేది అదే వడ్లు, అమ్ముకునేది దాదాపు అదే ధరకి. కాలువకి ప్రభుత్వం పెట్టిన ఖర్చుని పెట్టుబడి అని, బోరుకిచ్చిన కరెంటుని తాయిలం అని పిలవటం ఎక్కడి న్యాయం? మెట్ట ప్రాంతాల వాళ్ళు ఈ మాట అడిగితే, నా దగ్గరైతే జవాబు లేదు.

అంటే జమ వైపు చిన్నదేమీ కాదు. ఓట్ల కోసమే చేశాడు అంటారా? చేసుండచ్చు. ఓట్ల కోసం చేసినంత మాత్రాన రైతుకి మిగిలిన రూపాయి చెల్లని రూపాయి అయిపోదు కదా.

ఇప్పుడు ఖర్చు వైపు.

అందరూ ముందు అనేది, భూగర్భ జలాలు అడుగంటాయి అని. ఇది సగం నిజం. ఉచిత కరెంటుకి ముందు కూడా మన దగ్గర పంపుసెట్లకి యూనిట్ లెక్కన బిల్లు లేదు. ఎన్టీఆర్ కాలంలో హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు శ్లాబు పెట్టారు. తరవాత ఆ రేటు పెరుగుతూ వచ్చిందే గానీ పద్ధతి మారలేదు. అయిదు హార్స్‌పవర్ మోటారుకి ఏడాదికి ఇంత అని కట్టేశాక, గంట నడిపినా పది గంటలు నడిపినా ఒకటే. అంటే అదనంగా తోడే ప్రతి బిందెకీ ధర 2004కి ముందే సున్నా. (అన్‌లిమిటెడ్ ప్లాన్ తీసుకున్నాక డౌన్‌లోడ్లు తగ్గించుకునేవాడు ఎవడైనా ఉన్నాడా? :)) కాబట్టి నీళ్ళు ఇంకిపోయిన పాపమంతా ఒక్క సంతకం నెత్తిన రుద్దటం తప్పు. 1980లలో, 90లలో బోరు రిగ్గులు వచ్చి, సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చి, చెరువులు పూడిపోయినప్పుడే ఆ కథ మొదలైంది. అందులో అన్ని పార్టీలకీ వాటా ఉంది.

మరి ఆ సంతకం ఏం చేసింది? తలుపు మూసేసింది. శ్లాబు ఉన్నన్నాళ్ళూ, ఎప్పటికైనా మీటరు పెడతాం, తోడినదానికి లెక్క కడతాం అనే అవకాశం మిగిలి ఉంది. ఉచితం అన్నాక మీటరు అనే మాటే బూతైపోయింది. నా దృష్టిలో అసలు దీర్ఘకాలిక నష్టం ఇదే. నీళ్ళు పోవటం కాదు, కొలత పోవటం.

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. లాగ్స్ లేకుండా, మానిటరింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో నడిచే సిస్టం ఎలా ఉంటుందో మనకి తెలుసు. వ్యవసాయానికి ఎంత కరెంటు పోతోందో డిస్కంలకి కచ్చితంగా తెలీదు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మీటర్లు పెట్టి, ఆ శాంపిల్ నుంచి మొత్తం రాష్ట్రానికి అంచనా కడతారు. అంచనా అన్నాక అందులో ఏదైనా దాచచ్చు. పాత లైన్లలో పోయే నష్టం, దొంగ కనెక్షన్లు, ఎవరో మేపిన ఫ్యాక్టరీ కరెంటు, అన్నీ "వ్యవసాయం" అనే పద్దు కింద తొయ్యచ్చు. చివరికి తిట్లు తినేది రైతు. తను వాడని కరెంటుకి కూడా "ఉచితంగా తింటున్నాడు" అనే మాట పడుతున్నాడు.

రెండో ఖర్చు డిస్కంల అప్పు. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా సబ్సిడీ ఇవ్వదలుచుకుంటే ఆ డబ్బు ముందుగా కట్టాలి. చట్టం చాలా స్పష్టంగా ఉంది. జరిగేది వేరు. ప్రభుత్వం ఆలస్యంగా ఇస్తుంది, తగ్గించి ఇస్తుంది, అంచనా కన్నా వాడకం పెరిగితే ఆ తేడా ఎవరిదో తేలదు. డిస్కం బ్యాంకుకి వెళ్ళి అప్పు తెచ్చి కరెంటు కొంటుంది. వడ్డీ పెరుగుతుంది. 2015లో కేంద్రం ఉదయ్ పథకం పెట్టి డిస్కంల అప్పులో 75 శాతం రాష్ట్రాలే నెత్తినేసుకోమంది, రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో చేరాయి. అంటే ఒక జేబులోని అప్పు తీసి ఇంకో జేబులో పెట్టారు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం అసెంబ్లీలో పెట్టిన శ్వేతపత్రం, విద్యుత్ సంస్థల అప్పులు 81 వేల కోట్లు దాటాయని చెప్పింది. అదంతా ఉచిత కరెంటు వల్ల అనను, కొత్త ప్లాంట్లకి చేసిన అప్పులు కూడా అందులో ఉన్నాయి. కానీ కొలత లేని చోట ఏ ముక్క దేనివల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు?

మూడోది, రైతు మీదకే తిరిగొచ్చే ఖర్చు. దీని గురించి తక్కువ మాట్లాడతారు. ఇంజనీరింగ్ మొదటేడాదిలో చదువుకున్నదే. అదే నీళ్ళని రెట్టింపు లోతు నుంచి తోడాలంటే రెట్టింపు కరెంటు కావాలి. నీటిమట్టం దిగితే మోటారు సైజు పెరుగుతుంది, కరెంటు పెరుగుతుంది, సబ్సిడీ పెరుగుతుంది. సబ్సిడీ ఉంది కాబట్టి ఇంకా లోతుకి వెళ్ళచ్చు. ఇదొక లూప్, ఎగ్జిట్ కండిషన్ లేని లూప్.

పైగా మన తెలంగాణ, రాయలసీమల్లో కింద ఉన్నది చాలావరకు గట్టి రాయి. పంజాబ్‌లో మాదిరి వందల అడుగుల ఒండ్రు మట్టి కాదు. పంజాబ్ వాడు ఏళ్ళ తరబడి తోడుతూ పోవచ్చు, ఏడాదికింత చొప్పున మట్టం దిగుతుంది. మన దగ్గర రాతి పగుళ్ళలో ఉన్న కాసిని నీళ్ళు మంచి వానొస్తే నిండుతాయి, రెండేళ్ళు వాన లేకపోతే అయిపోతాయి. అందుకే మన దగ్గర నష్టం నెమ్మదిగా రాదు. ఫెయిలైన బోరు రూపంలో ఒక్కసారిగా ఒకడి నెత్తిన పడుతుంది. పక్క పొలంలో ఎనిమిదొందల అడుగులకి వేస్తే ఇటు నాలుగొందల అడుగుల బోరు ఎండుతుంది. ఆ బోరు కోసం తెచ్చిన అప్పు బ్యాంకుది కూడా కాదు, వడ్డీ వ్యాపారిది. కరెంటు బిల్లు రూపంలో మిగిలిన డబ్బు రిగ్గు వాడికి వెళ్ళిపోయింది.

దీనితో పాటు ఏడు గంటల సరఫరా సంగతి కూడా చూడాలి. ఉచితం కాబట్టి ప్రభుత్వం గంటల్లో కోత పెట్టింది. ఆ ఏడు గంటలైనా ఒక వరసలో కాదు, పగలు కొంత రాత్రి కొంత. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీక రైతు ఆటో స్టార్టరు పెట్టుకున్నాడు. కరెంటొచ్చిన మరుక్షణం ఊళ్ళో మోటార్లన్నీ ఒకేసారి లేచాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలాయి, వోల్టేజీ పడి మోటార్లు కాలాయి. అర్ధరాత్రి మోటారు వెయ్యటానికి వెళ్ళి పాము కాటుకో షాకుకో పోయినవాళ్ళున్నారు. మోటారు రీవైండింగ్‌కి రైతు పెట్టిన ఖర్చుని కూడా "ఉచితం" పద్దులోంచి తీసెయ్యాలి కదా! 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సుమారు 23 లక్షల పంపుసెట్లకి 24 గంటలూ ఇవ్వటం మొదలుపెట్టే ముందు, అదే ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ఊరూరా ప్రచారం చెయ్యాల్సొచ్చింది.

ఇదంతా చూశాక తీర్పు ఏమిటి? ముంచాడా, బతికించాడా?

నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఏ నాయకుడి ఏ పథకానికైనా ఇవే. ఒకటి, లాభం పొందేవాడూ రేపు ఖర్చు భరించేవాడూ ఒకడేనా? రెండు, తప్పని తేలితే వెనక్కి రాగలమా? మూడు, తప్పో ఒప్పో తేల్చుకోవటానికి కొలత ఉందా?

ఇదే జల్లెడలో చంద్రబాబు సంస్కరణల్ని కూడా వేద్దాం. పక్షపాతం లేదని చెప్పుకోవాలిగా. కష్టం ముందు, సుఖం తరవాత అన్నది ఆ లెక్క. నష్టం 2000లో బిల్లు రూపంలో వచ్చింది, లాభం ఎప్పుడో 2020కి అన్నారు. ఆ మాట హైటెక్ సిటీలో కూర్చున్నవాడికి బాగానే వినిపిస్తుంది, వాడికి ఆగే ఓపిక ఉంది, నెల తిరిగేసరికి జీతం ఉంది. కరువులో ఉన్న రైతుకి ఇరవై ఏళ్ళ తరవాతి లాభం లాభమే కాదు, అప్పటిదాకా వాడు ఉంటే కదా! దీర్ఘకాలం గురించి మాట్లాడే హక్కు, స్వల్పకాలం గడిచే ఏర్పాటు చేసినవాడికే ఉంటుంది. ఆ ఏర్పాటు చెయ్యకుండా సంస్కరణలు తెచ్చారు కాబట్టే 2004లో జనం దించేశారు. మీటర్లు, లెక్కలు అనే మాటలకి చెడ్డపేరు తెచ్చింది ఆ తొందరే.

ఇక వైఎస్ పథకం. మొదటి ప్రశ్నకి జవాబు: కొంతవరకు ఒకడే, కానీ వాడికి తెలియకుండా. రెండో ప్రశ్నకి: లేదు, రాలేం. 2009కి తెలుగుదేశం కూడా ఉచిత కరెంటు బాటలోకే వచ్చింది. 2014 తరవాత రెండు రాష్ట్రాల్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. 2023 జూలైలో తానా సభలకి అమెరికా వెళ్ళిన రేవంత్ రెడ్డి, ఎకరానికి గంట చొప్పున చూస్తే రైతుకి ఎన్ని గంటలు కరెంటు చాలో లెక్క చెప్పబోయినందుకే ఇక్కడ రోడ్ల మీద దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. మూడో ప్రశ్నకి జవాబు పైనే రాశాను.

విచిత్రమేమిటంటే, వైఎస్ ప్రభుత్వానికే ఇది తెలుసు. 2005లో షరతులు పెట్టారు. కార్పొరేట్ రైతులకీ, ఆదాయప్పన్ను కట్టేవాళ్ళకీ ఉచితం లేదన్నారు. మాగాణిలో రెండున్నర ఎకరాలు, మెట్టలో మూడు కనెక్షన్లు దాటితే లేదన్నారు. కెపాసిటర్, మంచి ఫుట్‌వాల్వ్, ఐఎస్ఐ మోటారు, సరైన పైపు ఉండాలన్నారు. కాగితం మీద చక్కటి ఆలోచన. నాలుగు వందల రూపాయల కెపాసిటరో ఆరొందలదో పెడితే వోల్టేజీ నిలబడుతుంది, మోటారు కాలదు. కానీ పెట్టించే శ్రద్ధ తరవాత ఎవరికీ లేకపోయింది. సంతకం పెట్టటానికి ఒక్క నిమిషం చాలు, కెపాసిటర్ పెట్టించటానికి పదేళ్ళు ఊరూరా తిరగాలి. దానికి ఫోటోలు రావు.

కాబట్టి నా తీర్పు ఇది. 2004లో బకాయిల రద్దూ, రెండు మూడేళ్ళ ఉచిత కరెంటూ సరైన పనే. రక్తం కారుతున్నవాడికి ముందు కట్టు కట్టాలి. కట్టు కట్టిన చేత్తోనే ట్రాన్స్‌ఫార్మరుకో మీటరు పెట్టి ఉంటే, ఈ రోజు వైఎస్‌ని తిట్టటానికి నాకు ఒక కారణం తగ్గేది. తాత్కాలికంగా పెట్టిన ప్యాచ్‌ని ఇరవై ఏళ్ళు ప్రొడక్షన్‌లో ఉంచినందుకు మొదట రాసినవాడి కన్నా, తరవాత వచ్చి ముట్టుకోకుండా వదిలేసినవాళ్ళందరిదీ పెద్ద తప్పు. అందులో నాకు నచ్చిన నాయకులూ ఉన్నారు.

నమ్మకం కుదరకపోతే 2020 సంగతి చూడండి. జగన్ ప్రభుత్వం పంపుసెట్లకి మీటర్లు పెట్టి, సబ్సిడీ రైతు ఖాతాలో వేసి, అక్కణ్ణుంచి డిస్కంకి కట్టిస్తామంది. శ్రీకాకుళం జిల్లాలో ముందు మొదలుపెట్టారు. అదనపు అప్పు తెచ్చుకోవటానికి కేంద్రం పెట్టిన షరతుల్లో అదొకటి, కాబట్టి ఉద్దేశం మరీ పవిత్రమని కాదు. కానీ దాన్ని ఉరితాడు అని వ్యతిరేకించినవాళ్ళలో, 1998లో సంస్కరణలు తెచ్చిన తెలుగుదేశమే ముందుంది! ఉచిత కరెంటు తెచ్చినాయన కొడుకు మీటరు పెడతానంటున్నాడు, మీటరు పార్టీ వద్దంటోంది. అటు తెలంగాణలో కేసీఆర్ ప్రాణం పోయినా మీటరు పెట్టనన్నారు. మీటరు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఎవరికీ పట్టలేదు. పెట్టేది ఎవరు అన్నదే ప్రశ్న.

రైతు భయం కూడా ఊరికే వచ్చింది కాదు. ఇవాళ మీటరు, రేపు బిల్లు అని అనుమానం. గ్యాస్ సబ్సిడీ ఖాతాలో వేస్తామని మొదలుపెట్టి చివరికి ఏమైందో అందరూ చూశారు కదా. అందుకని నా మటుకు నాకు తోచిన దారి ఇది. మీటరు రైతు మోటారుకి కాదు, ట్రాన్స్‌ఫార్మరుకి పెట్టండి. ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న రైతులందరికీ కలిపి ఏడాదికి ఇన్ని యూనిట్లు అని హక్కుగా రాసివ్వండి. వాడుకుంటే ఉచితం. మిగిలిస్తే మిగిలిన యూనిట్‌కి డబ్బు వాళ్ళ ఖాతాలో వెయ్యండి. ఇది నా ఊహ కాదు, పంజాబ్ 2018లో ఇలాంటిదే, మిగిల్చిన యూనిట్‌కి 4 రూపాయల చొప్పున, కొన్ని ఫీడర్ల మీద మొదలుపెట్టింది. మన దగ్గర కూడా కరువు జిల్లాల్లో రైతులే బావుల్లో నీటిమట్టం కొలుచుకుని, ఏ పంట వెయ్యాలో ఊరంతా కూర్చుని మాట్లాడుకున్న ప్రాజెక్టు 2000లలో నడిచింది. కొలత చేతికిస్తే రైతు లెక్క చూసుకోగలడని అక్కడే తేలింది. ప్రాజెక్టు డబ్బులు అయిపోయాయి, మనమూ మర్చిపోయాం.

ఒక్క ట్రాన్స్‌ఫార్మరు లెక్క వేద్దాం. అయిదు హార్స్‌పవర్ మోటారు గంటకి సుమారు నాలుగు యూనిట్లు తాగుతుంది. ఏడు గంటలకి 28. ఏడాదిలో రెండొందల రోజులు నడిస్తే 5,600. అందులో వెయ్యి యూనిట్లు మిగిల్చి, యూనిట్‌కి 4 రూపాయలు వస్తే రైతుకి 4,000. వరి బదులు వేరుశనగ వేస్తే ఇంకా ఎక్కువే మిగులుతుంది. డిస్కంకి ఆ యూనిట్ కొనే ఖర్చు తప్పుతుంది. కింద నీళ్ళు కూడా మిగులుతాయి, దానికి నేను ధర కట్టలేదు.

దీన్ని ఏ పార్టీ చేస్తుంది? తెలీదు. రేపు నాకు బొత్తిగా గిట్టని ముఖ్యమంత్రి ఎవరో దీన్ని మొదలుపెడితే, ట్రాన్స్‌ఫార్మరు మీటరు రీడింగులు నెలనెలా బయటపెడుతున్నాడా లేదా అన్నది చూస్తాను. పెడుతుంటే ఆయన్ని ఆ ఒక్క విషయంలో సమర్థిస్తాను, మిగతా విషయాల్లో తిట్టటం మానకుండానే. మీరేమంటారు?